పెట్రోలు బండికి ప్రాణం లేదట

బుల్లి కోరింది పెద్ద కోరికేం కాదు. కాస్త ఎత్తుగా ఉండే చిన్న బండి, పెట్రోలుది, పాతదైనా ఫరవాలేదు, పొద్దున తాళం తిప్పితే స్టార్ట్ కావాలి, అంతే. అలాంటి బళ్ళు ఏ వీధిలో చూసినా రెండు మూడు నిలబడే ఉంటాయి. అయినా మూడు నెలలుగా ఒక్క ఆదివారం కూడా వదలకుండా కాళ్ళకు బలపం కట్టుకుని తిరుగుతోంది, బండి మాత్రం ఇంటి ముందుకు రాలేదు. అమ్మేవాళ్ళు లేక కాదు, కొనే స్తోమత లేక కూడా కాదు. వాళ్ళ నాన్న ఒప్పుకోక.

బుల్లి అన్నాం కదా అని చిన్నపిల్ల అనుకోవద్దు. నలభై దాటిన మనిషి. ఇంట్లో ఆఖరున పుట్టినందుకు పడ్డ పేరు, జుట్టు నెరుస్తున్నా వదల్లేదు. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి, కాళ్ళూ చేతులూ ఆడించి, గోడ పట్టించి నిలబెట్టి, బతిమాలో బెదిరించో నాలుగడుగులు వేయించి రావడం ఆమె పని. మడతబల్ల, రెండు వాకర్లు, ఇసుక సంచులు, సాగే పట్టీలు, ఇదంతా వెంట మోసుకెళ్ళాలి. ఇన్నాళ్ళూ వాడిన కారు నేలకు ఆనుకుని ఉండేది. వంగి సామాను ఎక్కించి, వంగి దించి, చివరికి బుల్లి నడుముకే ఎవరైనా వైద్యం చేయాల్సిన పరిస్థితి వచ్చింది. ఆ కారు కూడా చలికాలం మొదట్లో నాలుగు రోడ్ల కూడలిలో గేర్లు పడనని మొరాయించి, వెనకవాళ్ళందరి చేతా తిట్లు తినిపించి, తుక్కుకొట్టుకు వెళ్ళిపోయింది.

అప్పటినుంచి బస్సులు, అద్దె కార్లు. మడతబల్లతో బస్సెక్కితే కండక్టరు చూసే చూపు శత్రువుకి కూడా వద్దు. ఆసుపత్రిలో పైఆఫీసరమ్మ ఓపికగానే చెప్పింది. ఇంటింటికీ తిరిగే పని సొంత బండి ఉన్నవాళ్ళకే ఇస్తారు, నెలాఖరులోగా బండి రాకపోతే ఆ ఇళ్ళు ఇంకొకరికి వెళ్తాయి, బుల్లి నేలమాళిగ గదిలో కరెంటు పెట్టెల దగ్గర కూర్చోవాలి. ఆ గది ఆమెకు కొత్త కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడే ఉండేది. వచ్చినవాళ్ళ మోకాళ్ళకు ప్యాడ్లు అంటించి, గంట మోగగానే పీకి, తర్వాతి మోకాలుకి అంటించడమే పని. మోకాళ్ళు గుర్తుండేవి కానీ మొహాలు గుర్తుండేవి కావు. ఇప్పుడు ఆమె చూస్తున్నవాళ్ళలో ఒక బేకరీ ఆయన ఉన్నాడు. పక్షవాతం వచ్చి ఒక పక్కంతా పడిపోయింది. ఈ మధ్యే కుర్చీ పట్టుకుని లేచి నిలబడడం మొదలుపెట్టాడు. ఆయన్ని సగంలో వదిలేయడమన్న ఆలోచనకే ఆమె గుండెల్లో రాయి పడింది.

ఏ బండి కొనాలన్నది ఇంట్లో ఒక్క పూటలో తేలిపోయింది. బుల్లి భర్త లైబ్రరీలో పనిచేస్తాడు, దేన్నైనా చదివిగానీ ముట్టుకోడు. భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. వాళ్ళు చూస్తున్న మోడల్ ఆ రోజుల్లో మూడు ఇంజన్లతో వచ్చింది. ఒకటి సాదా పెట్రోలు. దానికి ఎత్తు ఎక్కాలంటే ఆయాసం, ముందు పోతున్న లారీని దాటాలంటే ముహూర్తం చూసుకోవాలి. కానీ మొండి ఘటం, వేళకు ఆయిల్ మారిస్తే అందులో చెడిపోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. రెండోది టర్బో పెట్రోలు. తొక్కితే ఎగిరి దూకుతుంది, కొత్తలో అందరూ ముచ్చటపడ్డారు. వయసు మీద పడ్డాక ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది, లోపల వాల్వులను వేళకు తెరిచి మూసే టైమింగ్ చైను సాగుతుంది, పైగా దానికి జతచేసిన ఆటోమేటిక్ గేర్లు ట్రాఫిక్‌లో ఎక్కిళ్ళు పెడతాయి. మూడోది డీజిల్. బలం ఉంది, మైలేజీ ఉంది, పెద్ద రోడ్డు మీద దాన్ని మించింది లేదు.

"మరి డీజిలే కొందాం కదండీ," అంది బుల్లి.

"నువ్వు రోజుకి ఎంత దూరం పోతావు?"

"ఈ వీధి నుంచి ఆ వీధికి. అక్కణ్ణుంచి వెనక సందుకి."

"అదీ సంగతి. డీజిల్‌కి పొగగొట్టంలో మసి పట్టుకునే ఫిల్టరు ఒకటి ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఇంజన్ బాగా వేడెక్కి చాలాసేపు పరుగెత్తాలి. నువ్వు వేడెక్కేలోపే ఆపేస్తావు. ఏడాది తిరక్కుండానే ఫిల్టరు పూడుకుపోతుంది. నీకు సాదా పెట్రోలే సరి."

బుల్లి సరేనంది. మొగుడూ పెళ్ళాల మధ్య అంత తొందరగా ఏదీ తేలిన చరిత్ర లేదు. ఇక బండి కొనడమే తరువాయి అనుకుంది పిచ్చిమొహం, నాన్న సంగతి మర్చిపోయి.

ఆ కుటుంబంలో ఒక ఆచారం ఉంది. చెవి మేస్త్రి విననిదే బండి కొనకూడదు. చెవి మేస్త్రి అంటే బుల్లి నాన్నే. వాళ్ళింటికి రెండు వీధుల అవతల ఆయనకు మెకానిక్ షెడ్డు ఉండేది. మిగతా మేస్త్రీలు బండిని విప్పి చూసి రోగం చెబితే, ఈయన విప్పకుండా చెప్పేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "మూడో సిలిండరు వాల్వు," అనేవాడు. విప్పితే మూడో సిలిండరు వాల్వే. మోకాళ్ళ నొప్పులని చెప్పి షెడ్డు మూసేసి చాలా కాలమైంది. అయినా బావగారు వ్యాను కొన్నా, పినతండ్రి కొడుకు స్కూటరు కొన్నా, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని మేస్త్రి వెళ్ళాల్సిందే. ఆయన తల ఊపితే బేరం, పెదవి విరిస్తే వెనక్కి. ఆయన్ని పిలవకుండా బండి కొన్న మేనల్లుడితో రెండేళ్ళపాటు మాట్లాడలేదు.

మొదటి ఆదివారం ఒక కళ్ళద్దాల షాపాయన బండికి వెళ్ళారు. తెల్లటి బండి, సాదా పెట్రోలు, లోపల సీట్లు కూడా మాసిపోలేదు. బుల్లి తాళం తిప్పింది. ఇంజన్ చప్పుడు లేకుండా అందుకుంది. మేస్త్రి ముందర నిలబడి కూతురి వంక చూశాడు.

"స్టార్ట్ చేశావా, చేద్దామనుకుంటున్నావా?" అన్నాడు.

షాపాయన నవ్వాడు, భర్త నవ్వాడు, బుల్లి కూడా నవ్వింది. మేస్త్రి మాత్రం స్క్రూడ్రైవరు ఆనించి చాలాసేపు విన్నాడు. అక్కడ పెట్టాడు, ఇక్కడ పెట్టాడు, మధ్యమధ్య కూతుర్ని చూశాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. బుల్లికి ఆ పూట ఇంకో రెండిళ్ళకు వెళ్ళాల్సిన పని ఉంది, చేతి గడియారం చూసుకుని మొహం చిట్లించింది. ఆయన వెంటనే స్క్రూడ్రైవరు జేబులో పెట్టేశాడు.

"వద్దు. దీనికి ప్రాణం లేదు," అన్నాడు.

"ప్రాణం లేకపోవడమేంటి మామయ్యగారూ, చక్కగా ఉంది కదా," అన్నాడు అల్లుడు.

"మీరు పుస్తకాల్లో చూశారు అల్లుడుగారూ. నేను వేళ్ళతో చూశాను. వద్దన్నానంటే వద్దంతే."

తర్వాతి వారం సాదాదని చెప్పి చూపించిన టర్బో బండిని వద్దంటే ఎవరూ బాధపడలేదు. పొగగొట్టంలోంచి నీలం పొగ వస్తుంటే గుడ్డివాడికైనా తెలుస్తుంది. కానీ ఆ పైవారం బూడిద రంగు సాదా పెట్రోలుది, దానికేం తక్కువ? టైర్లు నాలుగూ సమానంగా అరిగాయి, ఆయిల్ మూత తీసి చూస్తే లోపల జిడ్డు గడ్డకట్టలేదు, కూలెంటు డబ్బాలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఇవన్నీ చూడడం నేర్పింది ఆయనే. తీరా కొనే ముందు, "కంప్రెషన్ లేదు," అని తేల్చేశాడు. ఇంకో ఆదివారం ఎర్ర బండి. "లోపల ఏదో ఉంది." ఏముంది నాన్నా అంటే, "ఉంది. అంతే." మరో వారం నీలం బండి. ఆ రోజు బుల్లి పొద్దుట్నుంచే మొహం మాడ్చుకుని కూర్చుంది. ఆయన బానెట్ కూడా ఎత్తించలేదు. దూరం నుంచి ఒకసారి కూతుర్ని చూసి, "పద, ఇంటికి పోదాం," అన్నాడు.

ఇంటికొచ్చి బుల్లి భర్త మీద విరుచుకుపడింది. మీరెందుకు గట్టిగా మాట్లాడరని. మీ నాన్నతో నేనేం మాట్లాడతానని ఆయన. నిజమే, ఎవరూ మాట్లాడలేరు. అసలు సంగతి తెలుస్తూనే ఉంది. ఆ తరం మేస్త్రీలకు డీజిలంటేనే బండి. గుర్రుమని నేల అదిరితేనే వాళ్ళకు ఇంజన్ ఉన్నట్టు. పెట్రోలు బండిని మెచ్చుకుంటే వాళ్ళ సొమ్మేదో పోతుందని బాధ. ఒళ్ళు మండిపోయింది బుల్లికి. సొంత కూతురు బస్సుల్లో మడతబల్ల మోస్తుంటే ఈ పట్టుదల ఏంటని ఏడుపు కూడా వచ్చింది. పిలవకుండా కొనేస్తే పీడా పోతుందని ఎన్నిసార్లు అనుకుందో. కానీ షెడ్డు మూసేశాక ఆ మనిషికి మిగిలిన గౌరవం అదొక్కటే. అది తను లాగేసుకోలేదు. పళ్ళు నూరుకుని మళ్ళీ ఆదివారం ఆయన ఇంటి తలుపు కొట్టేది.

నెలాఖరు దగ్గర పడింది. ఒక రోజు మధ్యాహ్నం బేకరీ ఆయన కుర్చీ వదిలేసి, ఏ ఆసరా లేకుండా, మంచం దగ్గర్నుంచి కిటికీ దాకా నడిచాడు. ఆయన భార్య వంటగదిలోంచి వచ్చి చూసి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆ సంతోషంలోనే బుల్లి సాయంత్రం నాన్నను వెంటబెట్టుకుని పాత బళ్ళు అమ్మే షెడ్డుకి వెళ్ళింది. భర్త లైబ్రరీ నుంచి నేరుగా అక్కడికి వచ్చాడు. పెట్రోలువేవీ లేవన్నాడు అమ్మేవాడు. ఒక డీజిల్ చూపించాడు. తాళం తిప్పగానే షెడ్డు రేకులు కంపించాయి. గుర్రుమంటున్న మోత కింద సన్నగా ఇంకో చప్పుడు, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపుతున్నట్టు. అమ్మేవాడు కూడా ఒక క్షణం నేల చూపులు చూశాడు. బుల్లి పెద్దగా పట్టించుకోలేదు. ఆమె మనసు ఇంకా ఆ కిటికీ దగ్గరే ఉంది, మొహం నిండా నవ్వే.

మేస్త్రి స్క్రూడ్రైవరు ఆనించాడు. ఇంజన్ వంక కాసేపు, కూతురి వంక కాసేపు చూశాడు. మొహం విప్పారింది.

"ఇదీ ఇంజన్ అంటే. తీసుకో బుల్లీ," అన్నాడు.

భర్త బయటికొచ్చాక మొదలుపెట్టాడు. "ఆ చప్పుడు విన్నావా అసలు? నాలాంటివాడికే తెలుస్తోంది కదా. పైగా డీజిల్. నీ తిరుగుడుకి ఆ ఫిల్టరు..."

"నాన్న వినలేదంటారా? ఆయనకు తెలియదా?" అంది బుల్లి. "ఆ చప్పుడు మామూలుదే అయ్యుంటుంది. మూడు నెలలకు ఒక్కదానికి తల ఊపారు. దీన్ని కూడా మనం కాదంటే ఇక నేను నేలమాళిగలోనే."

"కాదనకపోతే ఆ బండి రిపేరు షెడ్డులో, నువ్వు నేలమాళిగలో."

ఆ రాత్రి అన్నాలయ్యాక, సోమవారం వచ్చి తీసుకెళ్తానని అమ్మేవాడికి బుల్లి ఫోన్‌లో మాటిచ్చింది. మాటిచ్చాక నిద్ర పట్టలేదు. ఆ గులకరాళ్ళ చప్పుడు వదలకుండా వెంటాడింది. పొద్దున్నే లేచి, ఎవరికీ చెప్పకుండా, ప్రకటనల్లో చివరిగా మిగిలిన సాదా పెట్రోలు బండికి ఫోన్ చేసింది. ఒక టైలరమ్మది. తాము వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని, చల్లగా ఉన్నప్పుడే వినాలని అడిగింది. ఇదీ నాన్న నేర్పిందే. భర్తను రమ్మనలేదు. నాన్న ఇంటికి మాత్రం వెళ్ళి రమ్మంది, అలవాటు కొద్దీ.

దారిలో, "డీజిల్ ఖాయం చేశాక మళ్ళీ ఇదేంటి?" అని ఆయన ఒకసారి అడిగాడు. "ఊరికే," అంది. ఆయన బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

టైలరమ్మ ఇల్లు సందు చివర ఉంది. ముందుగది నిండా కుట్టు మిషన్లు, బయట నీడలో ఆకుపచ్చ బండి. చూపు సరిగ్గా ఆనడం లేదని, డ్రైవింగ్ మానేశానని, ఊళ్ళో తప్ప బయటికి ఎప్పుడూ తీయలేదని ఆవిడ చెప్పింది. ముందు తలుపు మీద ఒక గీత ఉంటే, అది గేటుకి తనే రాసుకున్నదని అడగకముందే చూపించింది. బుల్లి కిందికి వంగి తుప్పు ఉందేమో చూసింది. లేదు. ఆయిల్ మూత తీసి చూసింది. శుభ్రంగా ఉంది. చేతులు తుడుచుకుని, బానెట్ మూసి, డ్రైవరు సీట్లో కూర్చుంది. మడతబల్ల పట్టేంత చోటు వెనక ఉంది. నడుము వంచకుండా కూర్చుంది, నడుము వంచకుండా దిగొచ్చు. మేస్త్రి అవతలి పక్క ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చుని అరుగుదల తడిమి చూస్తున్నాడు.

బుల్లి తాళం తిప్పింది. ఇంజన్ మొదట టిక్కుటిక్కుమని, వెంటనే సర్దుకుని, తిరుగుతూ ఉండిపోయింది. గుమ్మంలో నిలబడ్డ టైలరమ్మ దాన్ని సొంత బిడ్డను చూసుకున్నట్టు చూసింది.

మేస్త్రి మోకాళ్ళు పట్టుకుని లేచి, బండి చుట్టూ నడిచి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఊఁ, ఇప్పుడు స్టార్ట్ చెయ్యి," అన్నాడు.

బుల్లికి నెత్తురు నెత్తికెక్కింది. మళ్ళీ అదే వెటకారం, పరాయి మనిషి ఇంటి ముందు. స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా గోడను చూస్తూ కూర్చుంది.

"నీకే చెప్పేది. స్టార్ట్ చెయ్యి."

ఆమె కదల్లేదు. ఆయన విసుగ్గా కిటికీలోంచి చెయ్యి పెట్టి, తనే తాళం తిప్పాడు. కొన్ని బళ్ళలో తాళం రెండోసారి తిరగదు. ఈ పాతబండిలో తిరిగింది. తిరుగుతున్న ఇంజన్ మీద స్టార్టరు వెళ్ళి పడి ఇనుప పళ్ళు కొరికిన చప్పుడు సందంతా వినిపించింది. టైలరమ్మ రెండు చెవులూ మూసుకుంది. ఎదురింట్లోంచి ఎవరో తొంగి చూశారు.

మేస్త్రి చెయ్యి తాళం మీదే ఉంది. ఇంజన్ అదురు చేతికి తగిలింది, చప్పుడు మాత్రం వినిపించలేదు. టైలరమ్మను చూశాడు. ఆమె చేతులు చెవుల మీద ఉండడం చూశాడు. అప్పుడు తాళం వదిలేశాడు.

ఎంత కొత్త డ్రైవరైనా ఒకసారి చేసి సిగ్గుపడే పని అది. చెవి మేస్త్రి చేశాడు. బుల్లి దిగి వచ్చింది.

"నాన్నా, ఇంజన్ తిరుగుతూనే ఉంది."

ఆయన వెళ్ళి అరచెయ్యి బానెట్ మీద పెట్టి, కాసేపు ఉంచాడు. "ఔను, తిరుగుతోంది," అన్నాడు.

మంచినీళ్ళు తెస్తానని టైలరమ్మ లోపలికి వెళ్ళిపోయింది. తెలివైన మనిషి.

"ఎప్పట్నుంచి?" అంది బుల్లి.

"షెడ్డు మూయకముందు నుంచే. మాటలకు ఇబ్బంది లేదు, మనిషి మొహం చూస్తుంటే తెలిసిపోతాయి. మోతలు తెలుస్తాయి. సన్నవే పోయాయి. టిక్కులు, ఈలలు, వాల్వులు, అన్నీ. మోకాళ్ళని చెప్పి మూసేశా."

"మరి ఈ మూడు నెలలూ బళ్ళు ఎట్లా చూశావు నాన్నా? ప్రాణం లేదు, కంప్రెషన్ లేదు అన్నావు కదా. ఎట్లా చెప్పావు?"

"నీ మొహం చూసి."

బుల్లికి అర్థం కాలేదు.

"నువ్వు షెడ్డులో పెరిగావు," అన్నాడు ఆయన. "ఇంజన్‌లో తేడా ఉంటే నీకు తెలుస్తుంది, నీకు తెలియకుండానే తెలుస్తుంది. ఆ కళ్ళద్దాలాయన బండి దగ్గర నువ్వు మొహం చిట్లించావు. ఏదో వినిపించింది దీనికి అనుకున్నా. ఎర్ర బండి దగ్గర ఇంకా చిట్లించావు. ఆ నీలం బండి రోజున నీ మొహం చూడలేకపోయాను. ఇక ఆ బానెట్ ఎత్తడం దేనికి?"

"అది నీ మీద కోపం నాన్నా. నీ మీద. బళ్ళన్నీ బాగానే ఉన్నాయి."

"నా మీదా?"

"మంచి బళ్ళన్నీ వద్దంటుంటే నవ్వమంటావా? నువ్వు వద్దనేకొద్దీ నాకు మండింది. నాకు మండేకొద్దీ నువ్వు వద్దన్నావు." చెబుతుంటేనే ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మరి ఆ డీజిల్?"

"దాని దగ్గర ఎంత సంతోషంగా ఉన్నావు. అంత నవ్వు నీ మొహంలో ఎప్పుడు చూశానో."

"ఆ రోజు నా పేషెంటు నడిచాడు. అందుకు నవ్వాను. ఆ ఇంజన్‌లో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది."

మేస్త్రి తల ఎత్తాడు. ఆ మొహంలో ఇప్పటిదాకా ఉన్న సిగ్గు పోయి షెడ్డు రోజుల చూపు వచ్చింది. "గులకరాళ్ళా? స్టార్ట్ అవుతూనేనా? వేడెక్కాక కూడానా?"

"వేడెక్కాక కూడా."

"చైను సాగిపోయింది. ఇవాళో రేపో తెగుతుంది. తెగితే ఇంజన్ ముక్కలే." ఆయన మెల్లగా గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. "దాన్ని తీసుకోమన్నానా నేను? నీ చేత అది కొనిపించేవాణ్ణి."

బుల్లికి ఇంకా కోపం పోలేదు. ఎన్ని ఆదివారాలు, ఎన్ని బస్సులు, భర్తతో ఎన్ని గొడవలు. "ఒక్క మాట చెబితే సరిపోయేది. వినిపించడం లేదమ్మా అంటే నేనేమన్నా అనేదాన్నా?"

"ఏమీ అనవు. అనవని తెలుసు." ఆయన చేతిలో స్క్రూడ్రైవరును తిప్పుతూ ఉన్నాడు. "కానీ చెప్పాక నన్నెందుకు పిలుస్తావు? వినపడనివాణ్ణి బండి చూడ్డానికి ఎవరు తీసుకెళ్తారు? రెండు వీధుల దూరంలోనే ఉన్నావు. ఈ బండి గొడవ మొదలయ్యాకే వారం వారం వచ్చావు. ఇది తేలిపోతే మళ్ళీ ఎప్పుడొస్తావో."

బుల్లి వాదించడానికి మాట వెతుక్కుంది. అంతకుముందు ఎప్పుడు వెళ్ళానని ఆలోచిస్తే గుర్తు రాలేదు. పెద్ద తప్పేదో చేసినట్టు కాదు, ఊరికే, పనులుంటాయి, రేపు వెళ్దామనుకుంటాం. ఇంటింటికీ తిరిగి అందరి నాన్నలనూ నడిపిస్తోంది, ఈయన దగ్గరికి వెళ్ళడానికి బండి కొనాల్సి వచ్చింది. 

వెళ్ళి బానెట్ ఎత్తింది. తిరిగొచ్చి ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని, మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి పక్క ఎముకకు పెట్టుకుంది.

"చెప్పు, ఏం వినాలో," అంది.

ఆయన లేచి వచ్చి, ఎదురుగా, మొహం బాగా కనిపించేచోట నిలబడ్డాడు. "స్టార్ట్ చేసినప్పుడు ఎట్లా ఉంది?"

"టిక్కుటిక్కుమంది. తర్వాత తగ్గిపోయింది."

"ఎంతసేపటికి?"

"నేను సీటు బెల్టు పెట్టుకునేలోపే."

"వాల్వు టాపెట్లు. ఆయిల్ పైకి ఎక్కేదాకా అట్లాగే అంటాయి. తగ్గింది కాబట్టి భయం లేదు. కొంచెం ఎడమ పక్కకి పెట్టు. చైను అక్కడుంటుంది. గరగర ఉందా?"

"లేదు. మెత్తగా ఉంది. కుట్టు మిషను తిరుగుతున్నట్టుంది."

"మధ్యలో తడబడుతోందా?"

"లేదు."

మంచినీళ్ళ గ్లాసులతో వచ్చిన టైలరమ్మ ఆ తండ్రీకూతుళ్ళను చూసి గ్లాసులు మెట్టు మీద పెట్టేసి, అడ్డం రాకుండా పక్కకి తప్పుకుంది. బుల్లి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ ఇంజన్ దగ్గరే ఉన్నాయి, తుడుచుకునే వీలు లేదు.

"ఏంటి?" అన్నాడు మేస్త్రి కంగారుగా. "ఏం వినిపించింది?"

"ఏమీ లేదు నాన్నా. ఇంజన్ బాగుంది."

"మరి ఆ మొహమేంటి?"

"ఇది ఇంజన్‌ది కాదు. నా సొంతం."

ఆయనకు నమ్మకం కుదరలేదు. "ఇంకోసారి విను. కింద పెట్టు, వాటర్ పంపు దగ్గర. తొందరేం లేదు."

వాటర్ పంపు దగ్గర విన్నది. బాగుందంది. ఆల్టర్నేటరు దగ్గర వినమన్నాడు. విన్నది. మళ్ళీ చైను దగ్గరికి రమ్మన్నాడు. ఎండ పెరిగింది, వంగి వంగి నడుము పట్టేసింది, ఇంటి దగ్గర భర్త తను ఎక్కడికి పోయిందోనని వెతుకుతుంటాడు, సోమవారం డీజిల్ షెడ్డువాడికి ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు. "ఎన్నిసార్లు వినాలి నాన్నా," అనబోయింది. నోటి దాకా వచ్చింది. కనుబొమలు ముడిపడబోతున్నాయని ఆమెకే తెలిసింది. ఎదురుగా ఆయన కళ్ళు ఆమె మొహం మీంచి కదలడం లేదు. ముడిపడితే ఈ బండి కూడా పోతుంది.

బుల్లి గట్టిగా ఊపిరి పీల్చుకుని, మొహం సరిచేసుకుని, మళ్ళీ చైను దగ్గర స్క్రూడ్రైవరు ఆనించింది.